మరక మీద మొలిచిన దీవి

దిక్సూచి ముల్లు ఉత్తరానికి తిరగడం చూడ్డానికి జనం పనులు మానుకుని గుమిగూడే రోజులవి. రేవు పక్క వీధిలో సముద్రపటాలు గీసేవాడొకడు ఉండేవాడు. ఊరంతా అతన్ని పటాలయ్య అనేది. తల్లిదండ్రులు పెట్టిన పేరు అతని అక్కకు తప్ప ఎవరికీ గుర్తులేదు. మనిషి మంచివాడు. అబద్ధం ఆడటం బొత్తిగా చేతకాదు. జన్మలో ఒక్కటే ఆడాడు, అదీ నోటితో కాదు, కలంతో. ఆ ఒక్కటీ చాలింది.

అదేమిటో ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెట్టే ఓపిక నాకు లేదు. పైగా దాచిపెడితే ఏమవుతుందన్నదే ఈ కథ.

పటాలయ్యకు ఇరవై రెండేళ్లప్పుడు, కొత్తగా పెళ్లయిన అక్క మొగుడి కోసం ఒక పటం గీశాడు. బావ ఓడ సరంగు. దూరదేశాలకు మొదటిసారి సొంతంగా ఓడ నడుపుకుని వెళ్తున్నాడు. పటం గీయడమంటే మాటలు కాదు. దూడతోలును సున్నపునీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి ఆరబెట్టాలి. దాని మీద తీరం గీసి, రేవుల పేర్లు రాసి, ఏ గాలి ఎటు వీస్తుందో ఎర్రగీతలు లాగాలి. నెల రోజుల పని. అంతా అయిపోయి, తెల్లారితే బావకు ఇచ్చెయ్యాలనగా, మధ్యాహ్నం వేళ కలం విదిలించాడు. సరిగ్గా నడిసముద్రంలో గింజంత సిరాచుక్క పడింది. కంగారుగా తుడవబోతే చొక్కా చెయ్యి తగిలి దానికో తోక కూడా వచ్చింది.

ఆ పనివాళ్లకొక పద్ధతి ఉంది. తోలు మీద తప్పు పడితే చిన్న వంకరకత్తితో గీకెయ్యాలి. గీకేముందు ఆ పటాన్ని నమ్ముకునే మనిషిని ఎదురుగా నిలబెట్టి, "ఇదిగో, ఇక్కడ నా చెయ్యి తప్పింది" అని నోరారా చెప్పాలి. చెప్పకుండా గీకిన మరక మళ్లీ తేలుతుందని పాతవాళ్లు అనేవారు. ఆ మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ బావ కొత్త బావ. "మా బామ్మర్ది చెయ్యి తప్పడమన్నది లేదు" అని రేవంతా చాటుకుంటున్న బావ. ఆయన ముందు నిలబడి చెయ్యి తప్పిందనడానికి పటాలయ్యకు నామోషీ అనిపించింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే.

మరక చుట్టూ తీరం గీశాడు. మూడు కొండలు నిలబెట్టాడు. ఎడమవైపు నుంచి ఎండ పడుతున్నట్టు కొండల కుడివైపు నీడలు దిద్దాడు. నాలుగు చెట్లు నాటాడు. తోకను ఇసుకతిన్నె చేశాడు. ఉత్త దీవి అయితే అనుమానం వస్తుందేమోనని చిన్న బావి గుర్తు వేసి పక్కన 'మంచినీళ్లు' అని రాశాడు. ఇంకా బోసిగా ఉందనిపించి ఒడ్డు దగ్గర మీసాల చేపనొకదాన్ని వదిలాడు. అప్పటికి తన పనితనానికి తనే ముచ్చటపడే స్థితికి వచ్చాడు.

బావ పటం చూసి పొంగిపోయాడు. "దారిలో మంచినీళ్లుండగా ఇన్ని పీపాలెందుకురా, బరువు చేటు" అని సగం పీపాలు రేవులోనే దింపించాడు. అవి దించుతుంటే పటాలయ్య పక్కనే ఉన్నాడు. నోరు తెరిచాడు. "జాగ్రత్త బావా" అన్నాడు. అంతకుమించి రాలేదు.

ఓడ కూడా తిరిగి రాలేదు. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, ఇరవై ఏళ్లు.

ఆ ఇరవై ఏళ్లలో పటాలయ్య జుట్టంతా ఊడిపోయింది. అక్క జుట్టు తెల్లబడింది. ఆవిడ ఓడల తెరచాపలు కుట్టి బతికేది. అందరి ఓడలకూ గాలి పట్టే గుడ్డలు కుట్టిచ్చి, తన మనిషి ఓడ కోసం ఎదురుచూసేది. రేవులో ఎవరైనా గుంపుగా నిలబడి నవ్వుకుంటే చాలు, గుమ్మడికాయల దొంగలా పటాలయ్య భుజాలు తడుముకునేవాడు. అక్కకు నిజం చెప్పెయ్యాలని అనుకోని రోజు లేదు. అనుకోవడానికేం, ఎన్నిసార్లయినా అనుకోవచ్చు.

ఇలా ఉండగా ఒక పొద్దున, పడవవాడొకడు చిరిగిన తెరచాప భుజాన వేసుకుని అక్క దగ్గరికి వచ్చాడు. వాణ్ని అందరూ ఎదురుగాలి అంటారు. ఎవరు ఏమన్నా కాదనడం వాడి అలవాటు. మాటల్లో వాడు, తుఫానులో దారి తప్పినప్పుడు దూరంగా మూడు కొండల నల్ల దీవి ఒకటి కనిపించిందన్నాడు. అక్క సూది కింద పెట్టి, వాణ్ని వెంటబెట్టుకుని తమ్ముడి కొట్టుకు వచ్చింది.

"లేరా తమ్ముడూ. బయల్దేరాలి."

"ఎక్కడికక్కా?"

"నీ దీవికి."

పటాలయ్య నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది. "ఏ... ఏ దీవి?"

"నువ్వెన్ని దీవులు గీశావేంటి? మంచినీళ్లది. వీడు చూశాట్ట."

"చూశానని నేననలేదమ్మా," అన్నాడు ఎదురుగాలి. "చూడలేదనీ అనలేదు. నల్లగా ఉంది. మూడు మూపురాలున్నాయి. వెనకాల తోకలాగా ఏదో ఉంది."

తోక అనేసరికి పటాలయ్య తన చొక్కా చెయ్యి వంక చూసుకున్నాడు. లేని దీవిని వీడెలా చూశాడు? ఏ తిమింగలాన్నో చూసి ఉంటాడు. ఆ మాట ఇప్పుడే చెప్పెయ్యాలి. కానీ అక్క అప్పటికే ఎండు రొట్టెలు మూటగడుతోంది. ఆవిడ ముఖంలో ఇరవై ఏళ్లుగా లేని వెలుగు ఉంది. ఆ ముఖం మీద నీళ్లు ఎలా చల్లుతాడు? సముద్రం మీదైతే తీరిగ్గా చెప్పొచ్చు, ఆవిడ లేచి వెళ్లిపోవడానికి కూడా చోటుండదు అనుకుని, వంకరకత్తి నడుముకు దోపుకుని తనూ పడవెక్కాడు. పాపం కడుక్కోవడానికే వెళ్తున్నానని తనకు తాను గట్టిగా చెప్పుకున్నాడు.

మొదటిరోజు వాంతులతో సరిపోయింది. రెండోరోజు అక్క నిద్రపోయింది. మూడోరోజు ధైర్యం కూడగట్టుకుని "అక్కా, ఆ దీవి..." అన్నాడు.

"ఆ దీవే లేకపోతే నేనీపాటికి పిచ్చిదాన్నయ్యేదాన్నిరా," అంది అక్క. "మంచినీళ్లున్న చోటు కదా, ప్రాణంతో ఉండే ఉంటారు అనుకుని బతికాను. ఇంతకీ ఏంటో అంటున్నావు?"

"ఏం లేదు. దూరం ఎక్కువేమోనని."

"దూరమేం కాదు," అన్నాడు ఎదురుగాలి చుక్కాని దగ్గర్నుంచి.

అలా పన్నెండు రోజులు గడిచాయి. పదమూడోరోజు మధ్యాహ్నం అలలు ఆగిపోయాయి. నీటి నీలం వెనక్కి తగ్గి, మీగడ రంగు వచ్చింది. గాలిలో ఉప్పువాసన పోయి, సున్నమూ సిరా కలిసిన వాసన వేసింది. నీటి మీద తాడు పరిచినట్టు ఎర్రగీత ఒకటి నిటారుగా సాగిపోతోంది. పడవ దాని మీదికి ఎక్కగానే ఎవరో లాగుతున్నట్టు పరుగందుకుంది.

ఎదురుగాలి పడవ అంచు మీంచి వంగి చూశాడు. "అమ్మా, సముద్రానికి వెంట్రుకలుంటాయా?"

పటాలయ్యా చూశాడు. ఆ వెంట్రుకలు ఎక్కడివో అతనికి తెలుసు. ఆ మూల దూడతోలును సరిగ్గా గీకలేదు, ఆ రోజు కొంచెం బద్ధకించాడు. వాళ్లిప్పుడు సముద్రం మీద లేరు. అతని పటం మీద ఉన్నారు.

కాసేపటికి మీసాల చేప ఎదురైంది. పడవంత ఉంది. పటాలయ్య దానికి రెండు రెక్కలూ ఒకే పక్క గీశాడు, అప్పట్లో చేపల్ని అంతగా గమనించలేదు. పాపం ఇరవై ఏళ్లుగా అది ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతోంది. పక్కనుంచి వెళ్తుంటే తనను గీసినవాడి వంక ఒక చూపు చూసింది. అతను తలదించుకున్నాడు.

దాని వెనకే దీవి. నల్లటి నేల. మూడు కొండలు, మూడింటికీ కుడివైపే నీడ. నాలుగు చెట్లు, నాలుగూ ఒకే ఎత్తు. ఇసుకతిన్నె మీద, చొక్కా చెయ్యి రాసుకున్న చోట, నేత గుడ్డ గుర్తులు ఒక్కో పోగూ కనిపిస్తున్నాయి. ఒడ్డున ఒక ఓడ. ఓడ నీడలో పన్నెండుమంది నడుం వాల్చి ఉన్నారు. వాళ్లలో ఒకడు లేచి, కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, పరుగెత్తుకుంటూ వచ్చాడు. ముప్పై ఏళ్లవాడు. నల్లటి గడ్డం, వెళ్లిననాడు వేసుకున్న చొక్కా. బావ ఒక్క రోజు కూడా పెద్దవాడవలేదు.

ఆయన అక్క తెల్లజుట్టునూ తమ్ముడి బట్టతలనూ మార్చి మార్చి చూసి చేతులు జోడించాడు.

"మామగారూ! అత్తగారూ! మీరింత దూరం ఎలా వచ్చారండీ? ఇంటి దగ్గర అంతా బాగేనా? మీ అమ్మాయి ఎలా ఉంది?"

పన్నెండు రోజులుగా అక్క ఏమేమి మాట్లాడాలో పాఠంలా వల్లించుకుంది. ఒక్క ముక్కా గుర్తురాలేదు.

"అమ్మాయి లేదు, అత్తగారూ లేదు," అంది చివరికి. "నేనేనండీ."

బావ దగ్గరికి వచ్చాడు. ఆవిడ పైపెదవి పక్కనున్న పుట్టుమచ్చ చూశాడు. ఆయన ముఖంలో రంగు పోయింది. "నువ్వా? జుట్టుకేం పూశావు?"

"ఇరవై ఏళ్లు పూశాను."

"ఇరవై... పొద్దున్నే కదా మేం ఇక్కడ దిగింది! నీళ్లు పట్టుకున్నాం, పీపాలు ఎక్కించాం. సాయంత్రం నేలగాలి లేవగానే బయల్దేరదామని పడుకున్నాం. ఎందుకో ఇవాళ పొద్దు వాలడం లేదు, ఆ కొండ నీడ అంగుళం కదలడం లేదు అనుకుంటూనే ఉన్నాం."

పటంలో సాయంత్రమెక్కడ ఉంటుంది? ఎడమవైపు నుంచి ఎండ పడాలని ఇరవై ఏళ్ల కింద ఒకడు నిర్ణయించాడు. అది అలాగే పడుతోంది. బావ ఇసుకలో కూలబడి అక్క చెయ్యి పట్టుకున్నాడు. సూదిపోట్లతో గట్టిపడిన అరచేతిని వేలితో తడిమి, ఈ కాయ ఎప్పుడు కాసిందని అడిగాడు. ఇద్దరూ ఏడ్చారు. ఎదురుగాలి కూడా ముక్కు చీదుకుని, తను ఏడవడం లేదన్నాడు.

కాసేపటికి బావ తేరుకుని పటాలయ్య వైపు తిరిగాడు. "అయితే మీరు... నువ్వు... మా బామ్మర్దివా! ఒరేయ్... ఏమండోయ్..." ఎలా పిలవాలో తెలియక నవ్వేశాడు. "ఏదైతేనేం, నీ చేతికి మొక్కాలిరా! సగం పీపాలతో బయల్దేరామా, నడిసముద్రంలో నీళ్లు నిండుకున్నాయి. సరిగ్గా నువ్వు గీసిన చోట, నువ్వు గీసినట్టే, బావితో సహా! మా పన్నెండు ప్రాణాలూ నీ పుణ్యమే."

తిట్టి ఉంటే పటాలయ్య తట్టుకునేవాడు. ఈ మెచ్చుకోలు తట్టుకోలేకపోయాడు. అయినా మనిషి మనసు ఎంత గడుసుదో చూడండి, ఆ క్షణంలోనే ఒక సన్నటి సందు వెతికింది. దీవి ఉంది కదా. ఉన్నదాన్ని గీస్తే అబద్ధం ఎలా అవుతుంది? ఈ నీడలు కాస్త గీకేస్తే పొద్దు వాలుతుంది, నేలగాలి లేస్తుంది, అందరూ ఇంటికి పోవచ్చు. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

"ఆ పటం ఒకసారి ఇవ్వు బావా, చూసిస్తాను" అని తీసుకుని కొండ వెనక్కి వెళ్లాడు. కొండకు వెనకవైపు లేదు. ముందువైపు మాత్రమే గీశాడు కదా. ఆ బోడితోలు మీద కూర్చుని కత్తి తీసి నీడ గీకాడు. దీవి మీద నీడ మాయమైంది. అవతల నావికులు కేకలు పెట్టారు. పటాలయ్య కత్తి తుడుచుకునేలోగా తోలులోంచి నలుపు ఊరి, నీడ మళ్లీ అక్కడే నిలబడింది. ఇంకోసారి గీకాడు. ఈసారి ఇంకా చిక్కగా వచ్చింది. పాతవాళ్లు ఊరికే అనలేదు.

ఇక తప్పదు. పటాన్ని రెండు చేతులా పట్టుకుని బావ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. ఇరవై ఏళ్ల కింద ఆ మధ్యాహ్నం నిలబడాల్సినట్టు.

"బావా, ఇక్కడ నా చెయ్యి తప్పింది. ఇది దీవి కాదు, సిరా మరక. నీకు చెప్పడానికి సిగ్గేసి కొండలు గీశాను. నీళ్లున్నాయో లేవో నాకు తెలీదు. అసలు నేలే ఉందో లేదో తెలీదు. నువ్వు పీపాలు దించుతుంటే చూస్తూ ఊరుకున్నాను."

పదకొండుమంది నావికులూ చుట్టూ మూగారు. వాళ్లలో ఒకడు ముందుకొచ్చి పటాలయ్య చెంప పగలగొట్టాడు. వాడికి ఊళ్లో తల్లి ఉండేది, ఇప్పుడు లేదు. ఆ సంగతి పటాలయ్య ముఖం చూసే వాడికి అర్థమైంది. ఆ దెబ్బ న్యాయమే.

బావ మాత్రం ఒక ఊపిరి వదిలి, "నాకు పోయిందేముందిరా, ఒక పూట," అన్నాడు. "కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు. మరకలో బావి తవ్వి నీళ్లు తాగిన మొనగాళ్లం మేమే అయి ఉంటాం. పో, గీకెయ్." అంటూనే పెళ్లాం వైపు చూసి నోరు మూసుకున్నాడు.

పటాలయ్యకు ఒళ్లు తేలికైపోయింది. ఇంత సులువా అనుకున్నాడు. కూర్చుని ఉత్సాహంగా ఇసుకతిన్నె చివర గీకాడు. చివర కరిగింది. కరిగినట్టే కరిగి మళ్లీ ఊరింది. బిత్తరపోయి తలెత్తాడు.

"చెప్పాను కదా! బావకి చెప్పాను కదా!"

"ఆ పటాన్ని నమ్ముకుంది ఆయనొక్కడే కాదు," అన్నాడు ఎదురుగాలి. ఆ మాటకు మాత్రం ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

అక్క కొంచెం దూరంగా, బావి గట్టు మీద కూర్చుని ఉంది. అంతా విన్నది. కానీ వినపడేలా చెప్పడం వేరు, ఎదురుగా నిలబడి చెప్పడం వేరు. పటాలయ్య వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. చుక్క, తోక, కొండలు, పీపాలు.

అక్క అతని బట్టతల వైపే చూస్తూ విన్నది.

"చుక్క ఎవరి చేతిలోంచైనా పడుతుంది," అంది. "నీకప్పుడు ఇరవై రెండేళ్లు. భయపడ్డావు. దానికి నేను నిన్నేమీ అనను. కానీ వారం వారం వచ్చి నా పక్కన కూర్చునేవాడివి చూడు. 'వస్తాడులే అక్కా, నీళ్లున్న దీవి అది, వస్తాడులే' అనేవాడివి. నేను ఏడిస్తే నువ్వూ ఏడిచేవాడివి. నీ మొహం చూసి నేను నమ్మేదాన్ని. ఆ మాట ఎక్కడుందిరా గీకడానికి?"

"లేదక్కా" అన్నాడు.

"తప్పు చేశానని చెప్పడానికి ఇంత దూరం రావాల్సొచ్చిందా? మా ఇల్లు నీకు రెండు వీధుల అవతల."

"రావాల్సొచ్చిందక్కా."

అక్క లేచి చీర దులుపుకుంది. "సరే, విన్నాను. గీకు ముందు."

అందరూ ఓడెక్కారు. ఎదురుగాలి పడవను వెనక కట్టారు. పటాలయ్య ఓడ ముందుభాగాన కూర్చుని పటం ఒళ్లో పెట్టుకుని గీకడం మొదలుపెట్టాడు. ఈసారి నలుపు ఊరలేదు. ఇసుకతిన్నె పోయింది. చెట్లు పోయాయి. కొండలు ఒకదాని తర్వాత ఒకటి పొట్టు రాలినట్టు రాలిపోయాయి. చేప దగ్గరికి వచ్చేసరికి కత్తి ఆపి, కలం తీసి, రెండో పక్కన కూడా రెండు రెక్కలు గీశాడు. అది ఒక్కసారి తల విదిలించి తిన్నగా ఈదుకుంటూ పటం అంచు దాటి వెళ్లిపోయింది. పాత సిరా తోలును లోపలిదాకా తినేసింది, అందుకని మరక అడుగు గీకుతుంటే పటానికి చిల్లు పడింది. ఆ చిల్లులోంచి ఉప్పుగాలి వీచింది. బావ "తెరచాప ఎత్తండి!" అని అరిచాడు. ఓడ ఆ గాలికి ఎదురేగి, చిల్లులోంచి నీలంనీళ్ల మీదికి జారింది. ఆ వెంటనే పొద్దు వాలింది. పన్నెండుమంది నావికులూ సాయంత్రాన్ని చూసి చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

తిరుగు ప్రయాణంలో బావకు ఒక చిక్కొచ్చి పడింది. పెళ్లాన్ని 'నువ్వు' అనలేకపోతున్నాడు. తెల్లజుట్టు చూడగానే నోరు దానంతటదే మర్యాదకు తిరుగుతోంది. "మీరు తిన్నారా?" అని అడిగి నాలిక కరుచుకునేవాడు. అక్క మొదట్లో చిరాకుపడింది, తర్వాత నవ్వు ఆపుకోవడం మొదలుపెట్టింది, ఎనిమిదో రోజుకు ఆపుకోవడం మానేసింది. పటాలయ్య ఓడలో చేరిన నీళ్లు తోడుతూ ఆ నవ్వు వినేవాడు. అతనితో మాత్రం ఆవిడ ఒక్క మాటా మాట్లాడలేదు.

రేవులో దిగాక జనం మూగారు. ఆ గోల అంతా ఇంకో కథ. బావ చెయ్యి పట్టుకుని అక్క ఇంటి దారి పట్టింది. నాలుగడుగులు వేసి ఆగి, వెనక్కి తిరిగింది.

"వారం వారం రావడం మానకు."

పటాలయ్య తన చెవులను తాను నమ్మలేకపోయాడు. "వస్తానక్కా."

"ఇన్నాళ్లూ నువ్వు మాట్లాడావు, నేను విన్నాను. ఇప్పుడు నేను మాట్లాడతాను. ఆయన లేని ప్రతి రోజూ ఎలా గడిచిందో చెబుతాను. ఆయనకి చెబితే బాధపడతాడు. నువ్వే వినాలి."

"ప్రతి రోజూనా?"

"ఇరవై ఏళ్లలో ఏ రోజునీ నేను మర్చిపోలేదు."

ఆ వారమే వెళ్లాడు. బావ పెరట్లో తలుపు చెక్క చిత్రిక పడుతున్నాడు. అక్క తెరచాప గుడ్డ ఒక కొస అతని చేతికిచ్చి పట్టుకోమని, సూది ఎక్కించుకుని మొదలుపెట్టింది. ఓడ రావాల్సి ఉండి రాని మొదటి రోజు. ఆ పొద్దున ఏ చీర కట్టుకుందో, రేవుకు వెళ్లేముందు పొయ్యి మీద ఏం పెట్టి వెళ్లిందో, దారిలో ఎవరెవరు పలకరించారో. మధ్యలో ఒకసారి ఆవిడ సూది ఆపి కళ్లు తుడుచుకుంది. పటాలయ్యకు అలవాటుగా ఓదార్పు మాట నోటిదాకా వచ్చింది. అది మింగేసి, గుడ్డ కొస గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి అక్క కథలో ఇంకా ఆ రోజు పొద్దెక్కనే లేదు.